వేలికి పెట్టే ఆక్సీమీటరు: కొనేటప్పుడు, పెట్టేటప్పుడు, నమ్మేటప్పుడు

కర్నూలు, అనంతపురం, కడప ఏ ఊళ్ళో పెద్ద మెడికల్ షాపుకు పోయి అడిగినా వేలికి క్లిప్పులా పెట్టి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే పల్స్ ఆక్సీమీటరు ఇప్పుడు చేతికిస్తారు. 2021 వేసవిలో ఎంత చెబితే అంత ఇచ్చి కొన్న ఆ పరికరం చాలా ఇళ్ళల్లో బీరువా అడుగున బ్యాటరీలు కారిపోయి పడుంది. అరవై దాటినవాళ్ళు, షుగరు ఉన్నవాళ్ళు, ముందునుంచే దమ్ము (ఆయాసం) జబ్బు ఉన్నవాళ్ళు ఉండే ఇంట్లో థర్మామీటరు తర్వాత ఉండాల్సిన వస్తువు ఇదే. అందుకే దీనికి మా మార్కులు ఎక్కువే. అయితే ఇది చూపించే అంకెను ఎప్పుడు పట్టించుకోవాలో, ఎప్పుడు పక్కన పెట్టాలో తెలియకుండా వాడితే లేని ధైర్యం ఇచ్చి ప్రాణం మీదికి తెస్తుంది. ఇక్కడ రాస్తున్నది ఏదో ఒక కంపెనీ మోడలు గురించి కాదు, వెయ్యి రూపాయలకు అటూ ఇటూ దొరికే ఈ రకం మొత్తం గురించి.

అసలు దీని అవసరం ఎందుకొస్తుందో ముందు చెప్పుకోవాలి. ఒకే ఇంట్లో నలుగురికి ఒకే వైరస్ సోకుతుంది. ముగ్గురు నాలుగు రోజుల్లో లేచి తిరుగుతారు, ఒకరు ఎనిమిదో రోజుకు ఐసీయూలో ఉంటారు. ‘ఆయప్పకు వైరస్ ఎక్కువ ఎక్కింది’ అని ఊళ్ళో అనుకుంటారు గానీ, తేడా ఎక్కువగా ఒంటి స్పందనలో ఉంటుంది. వైరస్ దూరిన కణం ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థాన్ని వదిలి చుట్టుపక్కల కణాలను అప్రమత్తం చేస్తుంది. ఈ కబురు మొదటి ఒకటి రెండు రోజుల్లోనే అందితే వైరస్ ముక్కూ గొంతూ దాటకముందే అణిగిపోతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తుల అడుగుదాకా దిగుతుంది. అప్పుడు తెల్లకణాలు ఒక్కసారిగా మీదపడతాయి. ఆ వాపుతో గాలి గదుల గోడలు కారి, గాలి ఉండాల్సిన చోట నీరు చేరుతుంది. మనిషిని కుంగదీసేది చాలాసార్లు ఈ రెండో దశే. అందుకే కోవిడ్‌లో లక్షణాలు మొదలైన 5 నుంచి 10 రోజుల మధ్య, జ్వరం తగ్గుతోందని అనుకునే వేళకు ఆక్సిజన్ పడిపోయేది.

ఆ కబురు కొందరిలో ఎందుకు ఆలస్యమవుతుందన్న దానికి కొన్ని గట్టి జవాబులు ఉన్నాయి. 2020లో వచ్చిన ఒక అంతర్జాతీయ పరిశోధనలో ప్రాణాపాయ స్థితికి చేరిన 987 మంది కోవిడ్ రోగులను చూస్తే, 101 మంది రక్తంలో సొంత ఇంటర్‌ఫెరాన్‌నే కట్టిపడేసే యాంటీబాడీలు కనిపించాయి. ఆ 101 మందిలో 95 మంది మగవాళ్ళు. తేలిగ్గా బయటపడ్డ 663 మందిలో ఒక్కరికి కూడా అవి లేవు. ఈ యాంటీబాడీలు డెబ్భై దాటినవాళ్ళలో ఎక్కువ, అది కూడా వైరస్ రాకముందే ఉంటాయి. మామూలు రక్తపరీక్షల్లో ఇవి తెలియవు. జన్యువుల సంగతీ అంతే. ఐరోపాలో కోవిడ్ ముదరడానికి కారణమన్న మూడో క్రోమోజోము ముక్క మన ఉపఖండంలో చాలామందిలో ఉంది. కానీ ఇక్కడ అది అంత ప్రభావం చూపినట్టు లేదని హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, బనారస్ హిందూ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2021లోనే తేల్చారు. అంటే ఇంట్లో ఎవరికి ముదురుతుందో ముందుగా చెప్పే పరీక్ష మన చేతిలో లేదు. ముదరడం మొదలైన పూటే పట్టుకునే సాధనం మాత్రం ఉంది.

ఎవరిని ఎక్కువ కనిపెట్టుకోవాలన్నది వేరే సంగతి, అది తెలిసిన విషయమే. షుగరు అదుపు తప్పితే తెల్లకణాలు సరిగ్గా పనిచేయవు. పొట్ట పెద్దగా ఉన్న మనిషి వెల్లకిలా పడుకుంటే రొమ్ముకూ పొట్టకూ మధ్య ఉండే డయాఫ్రం అనే కండరం పైకి నొక్కుకుపోయి ఊపిరితిత్తుల అడుగు భాగాలు మూసుకుంటాయి. నెలలు నిండుతున్న గర్భిణికీ ఇదే ఇబ్బంది. కిడ్నీ జబ్బు, గుండె జబ్బు, కీళ్ళవాతానికో ఆస్తమాకో ఏళ్ళ తరబడి స్టెరాయిడ్ మాత్రలు మింగడం ఈ జాబితాలోవే. మన సీమలో వీటికి దుమ్మును కూడా కలపాలి. బేతంచెర్ల, తాడిపత్రి వైపు బండలు కోసే, పాలిష్ పట్టే చోట రాతి పొడి, ఆదోని జిన్నింగు మిల్లుల్లో పత్తి దూది, పల్లెల్లో కట్టెల పొయ్యి పొగ. రాతి పొడిలోని సిలికా ఊపిరితిత్తుల్లో కాపలా ఉండే కణాలనే చంపేస్తుంది. అలాంటి మనిషికి మామూలు రోజుల్లోనే ఆక్సిజన్ 93, 94 ఉండొచ్చు. కాబట్టి ఆక్సీమీటరు కొన్న రోజే, అందరూ ఆరోగ్యంగా ఉన్నప్పుడే, ఒక్కొక్కరి అంకె రాసి పెట్టుకోండి. జబ్బు చేసిన రోజు పోల్చుకోవడానికి ఆ అంకే దిక్కు.

ఇక పరికరం లోపలికి. క్లిప్పు తెరిచి చూస్తే పై పెదవిలో రెండు చిన్న ఎల్‌ఈడీలు, కింది పెదవిలో కాంతిని పట్టే సెన్సరు ఉంటాయి. ఒక ఎల్‌ఈడీ 660 నానోమీటర్ల ఎర్ర కాంతి, రెండోది దాదాపు 940 నానోమీటర్ల కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కాంతి. ఆక్సిజన్ మోస్తున్న హిమోగ్లోబిన్ ఇన్‌ఫ్రారెడ్‌ను ఎక్కువ పీల్చుకుంటుంది, ఆక్సిజన్ వదిలేసినది ఎర్ర కాంతిని ఎక్కువ పీల్చుకుంటుంది. చర్మం, ఎముక, గోరు పీల్చుకునేది ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. నాడి కొట్టినప్పుడల్లా మారేది ధమని రక్తం ఒక్కటే. ఆ మారే భాగాన్ని మాత్రం విడదీసి లెక్కగడితే ఆక్సిజన్ శాతం వస్తుందని 1970ల మొదట్లో జపాన్ ఇంజినీరు టకువో అవోయాగి కనిపెట్టారు. దీంట్లోనే దీని బలహీనత కూడా ఉంది. వేలిలో నాడి గట్టిగా కొట్టకపోతే ఈ లెక్కకు ఆధారమే లేదు.

అందుకే పెట్టే పద్ధతి ముఖ్యం. మెట్లెక్కి వచ్చిన వెంటనే, దగ్గిన వెంటనే పెట్టొద్దు. అయిదు నిమిషాలు కూర్చోబెట్టండి. చెయ్యి చల్లగా ఉంటే రెండు అరచేతులూ రుద్ది వెచ్చబెట్టండి. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో వచ్చే తప్పుడు అంకెల్లో చాలావాటికి చల్లని వేళ్ళే కారణం. చూపుడు వేలో మధ్య వేలో గోరు పైకి, ఎల్‌ఈడీ ఉన్న వైపుకు ఉండేలా, చివర తగిలేదాకా లోపలికి పెట్టాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీదో దిండు మీదో ఆనించాలి. కనీసం అర నిమిషం, కుదిరితే ఒక నిమిషం ఆగి, అంకె నిలకడపడ్డాక రాసుకోండి. మొదటి అయిదు సెకన్లలో మెరిసే 88ని చూసి గాభరా పడనక్కర్లేదు. 99 వచ్చేదాకా వేళ్ళు మారుస్తూ పోవడం కూడా తప్పే.

తెర మీద రెండు అంకెలుంటాయి, ఒకటి ఆక్సిజన్ శాతం, ఒకటి నాడి. పేషెంటు వైపు నుంచి ఒకలా, ఎదురుగా కూర్చున్నవాళ్ళకు ఒకలా కనిపిస్తుంది. తలకిందులుగా చూస్తే 98 అచ్చంగా 86లా కనిపిస్తుంది! నాడి 92ని ఆక్సిజన్ అనుకోవడం మరో పొరపాటు. శాతం గుర్తు ఏ అంకె పక్కనుందో చూసి, బటన్ నొక్కితే తెర తిరిగే మోడలైతే మీ వైపుకు తిప్పుకోండి. తర్వాత మణికట్టు దగ్గర వేళ్ళు పెట్టి నాడిని ఒక నిమిషం లెక్కపెట్టండి. మీ లెక్కకూ తెర మీద నాడికీ బాగా తేడా ఉంటే ఆక్సిజన్ అంకెను కూడా నమ్మొద్దు. అల లాంటి గీత వచ్చే మోడల్లో ప్రతి కొట్టుకూ ఒకే ఆకారంలో శిఖరం లేవాలి. గీత గజిబిజిగా ఉంటే, చెయ్యి వణుకుతోందో, రక్తం అందడం లేదో అర్థం. పీఐ అని, వేలికి రక్తం ఎంత బాగా అందుతోందో చెప్పే ఇంకో అంకె చూపించే మోడల్లో అది 1 కంటే తక్కువుంటే వేలు వెచ్చబెట్టి మళ్ళీ చూడండి. కొత్తగా కొనేవాళ్ళు గీత చూపించే మోడలే తీసుకోండి. ఆ ఒక్క సదుపాయానికి రెండు మూడు వందలు ఎక్కువ పెట్టినా తప్పులేదు.

గోరింటాకు గురించి చాలామంది అడుగుతారు. ఎర్రగా పండిన మామూలు గోరింటాకుతో పెద్ద ఇబ్బంది లేదు. నల్ల మెహందీ, నలుపు, నీలం, ఆకుపచ్చ గోళ్ళరంగులు మాత్రం కాంతిని ఆపేస్తాయి. అవి ఉంటే వేరే వేలు, లేదా కాలి వేలు. ఈ క్లిప్పును చెవి తమ్మెకు తగిలిస్తే వచ్చే అంకెకు అర్థం లేదు. సిమెంటు పనితో, సేద్యంతో చర్మం మొద్దుబారి పగిలిన వేళ్ళకు ఉంగరం వేలు మెరుగు. ఆరుబయట ఎండలో సూర్యకాంతి సెన్సరులోకి దూరుతుంది, చేతి మీద తువ్వాలు కప్పండి. బీపీ కట్టు కట్టిన చేతికి ఆ సమయంలో పెట్టొద్దు.

రక్తహీనత సంగతి అంతకన్నా ముఖ్యం. హిమోగ్లోబిన్ 6 ఉన్న మనిషికి కూడా ఇది 98 చూపిస్తుంది. ఉన్న కొద్దిపాటి హిమోగ్లోబిన్ నిండుగా ఉందని మాత్రమే దాని అర్థం. ఒంటికి చాలినంత ఆక్సిజన్ అందుతోందని కాదు. మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్ళకు, బీడీ సిగరెట్లు ఎక్కువ కాల్చేవాళ్ళకు కార్బన్ మోనాక్సైడు అంటిన హిమోగ్లోబిన్‌ను కూడా ఆక్సిజన్ కింద జమకట్టి ఎక్కువ చూపిస్తుంది.

చర్మం రంగు విషయం మనవాళ్ళు తప్పకుండా తెలుసుకోవాలి. 2020 డిసెంబరులో అమెరికాలో వచ్చిన అధ్యయనంలో, పరికరం బాగానే ఉందని చూపించినా రక్తంలో నిజంగా ఆక్సిజన్ తక్కువున్నవాళ్ళు తెల్లవాళ్ళలో కంటే నల్లవాళ్ళలో దాదాపు మూడు రెట్లు కనిపించారు. నల్లటి చర్మం మీద ఇది ఒకటి రెండు అంకెలు పైకే తూగొచ్చు. డబ్బా మీద ‘ప్లస్ ఆర్ మైనస్ 2 శాతం’ అని రాసిన లెక్క కూడా మూడింట రెండు వంతుల రీడింగులకే వర్తిస్తుంది. తెర మీద 90 ఉంటే అసలు 86 కావచ్చు, 94 కావచ్చు. కాబట్టి ఒక్క అంకెను పట్టుకుని వాదించొద్దు. ఒకే వేలు, ఒకే భంగిమ, రోజుకు మూడు పూటలు చూసి అది ఎటు పోతోందో గమనించండి. మొన్న 98, నిన్న 96, ఇవాళ 94 అంటే, మూడూ ‘పర్వాలేదు’ అనిపించే అంకెలే అయినా, ఆ దిగుడే వార్త.

కేంద్ర ఆరోగ్యశాఖ కోవిడ్‌కు పెట్టిన కొలత ఇంట్లో గుర్తుంచుకోవడానికి తేలిక. గాలి మామూలుగా పీలుస్తుండగా 94, ఆపైన ఉంటే ఇంట్లో కనిపెట్టుకోవచ్చు. 90 నుంచి 93 మధ్య ఉంటే ఆస్పత్రికి పోవాలి. 90 కంటే కిందికి దిగితే అత్యవసరం. అక్కడిదాకా మెల్లగా జారిన అంకె, ఆ తర్వాత బావిలో పడ్డ చేదలా దిగుతుంది. పైగా మనిషికి తెలియదు కూడా. ఆయాసం అనే బాధను ఎక్కువగా పుట్టించేది ఒంట్లో పేరుకునే కార్బన్ డయాక్సైడు. అది ఆక్సిజన్ కంటే సుమారు 20 రెట్లు తేలిగ్గా గాలి గదుల గోడ దాటి బయటికి పోతుంది. కాబట్టి ఊపిరితిత్తులు సగం చెడినా గస రాకుండా, ఫోన్లో మాట్లాడుతూ, టీ తాగుతూ 85తో కూర్చునే మనుషులు ఉంటారు. ఈ పరికరం డబ్బుకు పూర్తి విలువ ఇచ్చేది ఇక్కడే.

కూర్చున్నప్పుడు 95, 96 ఉండి అనుమానంగా ఉంటే నడక పరీక్ష చేయండి. ఇంట్లోనే, చదునైన నేల మీద, పక్కన ఒక మనిషి తోడుగా, ఆరు నిమిషాలు మామూలు వేగంతో నడిపించాలి. అరవై దాటితే మూడు నిమిషాలు చాలు. నడుస్తుండగా వచ్చే అంకెను నమ్మొద్దు, ఆగిన వెంటనే కూర్చోబెట్టి మొదటి నిమిషంలో వచ్చే కనిష్ఠం రాసుకోండి. 3 అంకెలు, అంతకంటే ఎక్కువ పడినా, 94 కిందికి దిగినా డాక్టరు దగ్గరికి పోవాల్సిందే. కూర్చున్నప్పుడే 94 కంటే తక్కువున్నవాళ్ళకు, గుండెనొప్పి ఉన్నవాళ్ళకు, తల తిరుగుతున్నవాళ్ళకు ఈ పరీక్ష అసలు పెట్టొద్దు.

దీనితో పాటు పైసా ఖర్చులేని పని ఒకటుంది, ఊపిరి లెక్కపెట్టడం. ఎన్నిసార్లు పీలుస్తున్నారో చూస్తున్నామని చెబితే ఎవరి ఊపిరైనా మారిపోతుంది. అందుకే నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుని, కళ్ళు మాత్రం రొమ్ము మీదో పొట్ట మీదో పెట్టి, గడియారంలో నిండా ఒక నిమిషం లెక్కించండి. పొట్ట లేచి దిగితే ఒకటి. పెద్దవాళ్ళలో 24 చేరితే జాగ్రత్త, 30 దాటితే అత్యవసరం. ఆక్సీమీటరు 97 అంటున్నా ఊపిరి 28 ఉంటే ఊపిరినే నమ్మండి. ఆ 97ను నిలబెట్టడానికి ఒళ్ళు ఎంత కష్టపడుతోందో ఆ 28 చెబుతోంది.

ఫ్లూకు ఈ లెక్కలో రోజులు వేరు. అది మొదటి మూడు నాలుగు రోజుల్లోనే ముదరొచ్చు. జ్వరం పూర్తిగా పోయి రెండు రోజుల తర్వాత చలితో మళ్ళీ వచ్చిందంటే వైరస్ చెడగొట్టిన చోట న్యుమోకాకస్ లాంటి బ్యాక్టీరియా చేరిందన్న అనుమానం పెట్టుకోవాలి. అప్పుడు అంకె 96 ఉన్నా డాక్టరును కలవాలి. షుగరు, దమ్ము ఉన్నవాళ్ళకు ఫ్లూ మందు ఒసెల్టామివిర్ మొదటి 48 గంటల్లో మొదలుపెడితే ఎక్కువ పనిచేస్తుంది, కాబట్టి వాళ్ళు అంకె పడేదాకా ఆగకుండా మొదటి రోజే వెళ్ళాలి.

ఒక హెచ్చరిక గట్టిగా చెప్పాలి. దగ్గు, జ్వరం అనగానే రెండో రోజే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ సూదో మాత్రలో వేయించుకునే అలవాటు మన పల్లెల్లో బాగా ఉంది. జ్వరం ఆ పూటకు దిగుతుంది, ఒంట్లో హుషారు వస్తుంది, ఆకలేస్తుంది, అందుకే జనం నమ్ముతారు. 2020లో బ్రిటన్‌లో జరిగిన ‘రికవరీ’ అనే మందుల పరిశోధనలో రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ ఆక్సిజన్ అవసరమైన కోవిడ్ రోగుల్లో మరణాలు తగ్గించింది, ఆక్సిజన్ అవసరం లేనివాళ్ళకు ఏ మేలూ చేయలేదు. వైరస్ ఇంకా పెరుగుతున్న మొదటి వారంలో స్టెరాయిడ్ ఇస్తే దాన్ని అడ్డుకునే బలాన్నే తగ్గించినట్టు. షుగరు మూడు వందలు దాటిపోవడం, 2021లో బ్లాక్ ఫంగస్ అంతగా చెలరేగడం దీనికి జతపడినవే. ఆక్సీమీటరు 97 చూపిస్తున్న మనిషికి కోవిడ్ పేరుతో ఎవరైనా స్టెరాయిడ్ ఇస్తానంటే, ఎందుకని అడిగే హక్కు మీ చేతిలోని ఆ అంకె ఇస్తుంది.

పిల్లల మీద ఈ పెద్దల క్లిప్పు వాడొద్దు. చిన్న వేలు సెన్సరును కప్పదు, కాంతి పక్కనుంచి దూరి ఏదో ఒకటి చూపిస్తుంది. వాళ్ళకు ఊపిరి లెక్కే కొలత. రెండు నెలల లోపు నిమిషానికి 60, ఏడాది లోపు 50, అయిదేళ్ళ లోపు 40 చేరితే, లేదా ఊపిరి పీల్చేటప్పుడు పక్కటెముకల కింద గుంట పడితే వెంటనే ఆస్పత్రికి.

అంకె 94 కిందికి దిగి బండి కోసం చూస్తున్నప్పుడు చేయదగ్గది బోర్లా పడుకోబెట్టడం. మెడ కింద ఒక దిండు, రొమ్ము నుంచి తొడల పైభాగం దాకా ఒకటో రెండో, మోకాళ్ళ కింద కాళ్ళకు రెండు. ఊపిరితిత్తుల్లో ఎక్కువ భాగం వీపు వైపే ఉంటుంది, బోర్లా పడుకుంటే అక్కడి గాలి గదులు తెరుచుకుంటాయి. భోజనమైన గంట లోపు, నెలలు నిండుతున్న గర్భిణులకు, తీవ్రమైన గుండె జబ్బు ఉన్నవాళ్ళకు ఇది వద్దు. ఆదోని నుంచి కర్నూలు పెద్దాస్పత్రికి దాదాపు వంద కిలోమీటర్లు, రాయదుర్గం నుంచి అనంతపురానికీ ఇంచుమించు అంతే. అందుకే అలాంటి చోట్ల ఉన్నవాళ్ళు 90 దాకా ఎదురుచూడకుండా 93 దగ్గరే కదలాలి. 108కు ఫోన్ చేసినప్పుడు ‘ఆయాసంగా ఉంది’ అనేసి ఊరుకోకుండా ఆక్సిజన్ ఎంత, నాడి ఎంత, ఊపిరి ఎంత, జ్వరం మొదలై ఎన్నో రోజు అన్న నాలుగూ చెప్పండి.

కొనేటప్పుడు డబ్బా మీద తయారీ లేదా దిగుమతి లైసెన్సు నంబరు, కంపెనీ చిరునామా, బ్యాచ్ నంబరు, ఎంఆర్‌పీ ఉన్నాయో లేదో చూసి, బిల్లు తీసుకోండి. 2021 జులైలో కేంద్ర ప్రభుత్వ మందుల ధరల నియంత్రణ సంస్థ ఎన్‌పీపీఏ ఆక్సీమీటరు సహా ఐదు పరికరాల మీద, డిస్ట్రిబ్యూటరుకు ఇచ్చే ధరపై లాభం 70 శాతం దాటకూడదని కట్టడి పెట్టాక ధరలు బాగా దిగాయి. బొమ్మ సరుకు కాదని తేల్చుకోవడానికి ఊపిరి బిగబట్టి చూడటం పనికిరాదు, ఆరోగ్యవంతుడికి అర నిమిషంలో అంకె కదలదు. బీపీ మిషను ఉంటే మేలైన పరీక్ష ఉంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ వేలికి ఆక్సీమీటరు పెట్టి, అదే చేతికి కట్టు కట్టి పై బీపీ దాటేదాకా గాలి కొట్టండి. నాడి ఆగిపోతుంది కాబట్టి నిజమైన పరికరం కొన్ని సెకన్లలో అంకె ఆపేసి, దాని స్థానంలో చిన్న అడ్డగీతలు చూపించాలి. అప్పుడు కూడా 98, నాడి 76 అని చూపిస్తూనే ఉంటే షాపుకు తిరిగిచ్చేయండి. పావు నిమిషంలో కట్టు వదిలేయాలి. ఫోను కెమెరా మీద వేలు పెడితే ఆక్సిజన్ చెబుతామనే యాప్‌ల జోలికి పోవద్దు. చేతి గడియారాల అంకె కూడా వైద్యానికి చాలదు.

మొదట పాడయ్యేది స్ప్రింగు ఉన్న కీలు. వదులైతే వేలు కదిలి అంకె ఊగుతుంది, అప్పుడు మార్చేయాలి. లోపలి రబ్బరు మెత్తలను స్పిరిట్ దూదితో తుడిచి ఆరనివ్వండి, నేరుగా శానిటైజరు పోయొద్దు. బ్యాటరీలు తగ్గితే ఎల్‌ఈడీల వెలుగు కూడా తగ్గుతుంది, గుర్తు కనబడగానే రెండూ ఒకేసారి మార్చండి. వాడనప్పుడు బ్యాటరీలు తీసి, ఆరోగ్యంగా ఉన్నప్పటి అంకెలు రాసిన కాగితంతో పాటు అదే డబ్బాలో పెట్టండి.